‘మీ ఇష్టం సారూ’ అంటే ఒప్పుకున్నట్టేనా?

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. చదువు రానివాళ్లయితే వేలిముద్ర. మన గూడేల నుంచి వెళ్లిన పెద్దవాళ్లలో చాలామందిది వేలిముద్రే. ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించేవాళ్లు కొన్నిచోట్ల ఉంటారు, కొన్నిచోట్ల ఉండరు. ‘ఏం చేస్తారో తెలిసిందా?’ అని సిస్టరమ్మ అడిగితే మనవాళ్లు చెప్పే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘మీకు తెలుసు గదా, మీ ఇష్టం.’ ఆసుపత్రి ఈ మాటను ఒప్పుకోలు కింద రాసుకుంటుంది. నిజంగా అది ఒప్పుకోలేనా? మన యువత, మన ఉపాధ్యాయులు తీరుబడిగా కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న ఇదని మేం అనుకుంటున్నాం. ఎందుకంటే ఆ కాగితానికీ ఆ బొటనవేలికీ మధ్య చాలాసార్లు నిలబడేది మనమే.

ఊళ్లో ఎవరికి కడుపులో నొప్పి లేచినా, కాన్పు కష్టమైనా, చెట్టు మీది నుంచి పడి కాలు విరిగినా, 108 బండి వెనకాల మోటారు సైకిల్ మీద వెళ్లేది బడిపంతులో, డిగ్రీ చదివిన కుర్రాడో. మనకు తెలుగు వచ్చు. కాగితం చదవడం వచ్చు. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఏ కిటికీ దగ్గర చూపించాలో తెలుసు. అందుకని డాక్టరు కూడా రోగిని వదిలేసి మనతోనే మాట్లాడతాడు. మంచం మీద ఉన్న మనిషి మన ముఖంకేసీ, డాక్టరు ముఖంకేసీ మార్చి మార్చి చూస్తుంటాడు. అట్లా ఎవరూ అడగకుండానే, మనమూ కోరకుండానే, ఒకరి ఒంటి మీది నిర్ణయం మన చేతిలోకి వచ్చి పడుతుంది.

ముందు మాటల సంగతి చూద్దాం. ఒక ఆపరేషన్‌కు సిద్ధం చేసేటప్పుడు ‘రాత్రి నుంచి ఏమీ తినొద్దు’ అని చెబుతారు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు, అందుకని. మామూలుగా తిండి 6 గంటల ముందే ఆపాలి. ఉత్తి మంచినీళ్లయితే 2 గంటల ముందు వరకు ఫరవాలేదంటారు. మా ఎరికలో ఒక అమ్మ తెల్లవారుజామున లేచి చెంబెడు అంబలి తాగింది. ‘ఏమైనా తిన్నావా?’ అంటే ‘తినలేదు’ అంది. ఆమె అబద్ధం ఆడలేదు. అంబలి తినేది కాదు, తాగేది. పక్కనున్న కోడలు మాటవరసకు అనబట్టి తెలిసింది గానీ, లేకపోతే ఆమెను అట్లాగే బల్ల మీద పడుకోబెట్టేవాళ్లు. ఆపరేషన్ మర్నాటికి మారింది. ‘వీళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు’ అని వార్డులో ఎవరో విసుక్కున్నారు. చెప్పింది తెలుగులో, ఆమె విన్నది తన ఇంటి భాషలో. ‘తినొద్దు, తాగొద్దు, అంబలీ వద్దు, జావా వద్దు, ఎందుకంటే ఇదీ సంగతి’ అని చెప్పి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. ‘ఎందుకంటే’ అన్న మాట వదిలేసిన చోటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. కారణం తెలిసిన మనిషి తనంతట తానే జాగ్రత్త పడతాడు. ఆజ్ఞ మాత్రమే విన్న మనిషి ఆ ఆజ్ఞలో ఉన్న పదాలంత వరకే పాటిస్తాడు.

ఈ ఉపాధ్యాయుల సంతకం అనే విషయం మన ప్రాంతంలో కొత్తది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేశారు. అది ప్రయోగాత్మక పథకం. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని ఆపేశారు. తర్వాత 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఒప్పుకోలు పత్రాల లెక్క బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. ఆ టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. దేశదేశాల్లో దాన్ని వాడుతున్నారు. మనం చూడాల్సింది ఆ 2,763 సంతకాలను. తల్లి బతికే ఉంది, తండ్రి బతికే ఉన్నాడు, ఊరు ఎక్కడో సముద్రాల అవతల లేదు. ఒక బస్సెక్కి వెళ్లి అడగవచ్చు, సంతరోజున కబురు పెట్టి పిలిపించవచ్చు. అడగకపోవడానికి కారణం దూరం అనుకోలేం. వాళ్లను అడిగితే ఏం చెబుతారులే అన్న ధీమా అది. ఆ ధీమా బయటివాళ్లకే ఉంటుందని మనం అనుకుంటే పొరపాటు. నాలుగు తరగతులు చదివి, చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్న రోజు నుంచి అది మన లోపలా పెరుగుతూ వస్తుంది.

చట్టం ఏమంటుందో యువత తెలుసుకుని ఉండటం మంచిది. ఢిల్లీలో 1995లో 44 ఏళ్ల ఒక ఆమె, లోపల ఏముందో పరీక్ష చేయడానికి మాత్రమే ఒప్పుకుని మత్తుకు సిద్ధపడింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు కోతకు ఇచ్చినట్టు కాదు, ప్రాణం మీదికి రానప్పుడు తల్లి మాట కూతురి మాటకు బదులు కాదు అన్నది. ఏ చికిత్స, ఎందుకు, దానివల్ల మేలేమిటి, వేరే దారి ఉందా, పెద్ద ముప్పులేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పి తీసుకున్నదే ఒప్పుకోలు అన్నది. పట్నంలో చదువుకున్న మనిషికే అట్లా జరిగిందంటే, పాటు భాషలో పొట్టపట్టుకుని మూలిగే మన అమ్మల సంగతి వేరే చెప్పాలా?

ఇందులో ‘వేరే దారి ఉందా?’ అన్న ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. కొందరికి అది తప్పని ఆపరేషనే అయి ఉంటుంది. అయినా ఇంత తేడా రావడం చూస్తే, మందులతో తగ్గుతుందా అని అడిగినవాళ్లు ఎందరు, అడగనిచ్చినవాళ్లు ఎందరు అని అనుమానం రాక మానదు. వేరే దారి ఉందా అని అడగడం డాక్టరును అవమానించడం కాదు. మనవాళ్లకు ఈ భయం చాలా ఉంది. అడిగితే కోపం వస్తుందేమో, కోపం వస్తే సరిగా చూడరేమో అని. మంచి డాక్టర్లు అడిగితే సంతోషిస్తారు, మేం చూశాం.

బీహార్‌లో అరారియా జిల్లాలో 2012 జనవరి 7న జరిగింది బడి పంతుళ్లమైన మనం మరచిపోకూడనిది. ఒక ప్రభుత్వ పాఠశాలలో 53 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో, పిల్లలు రాసుకునే బల్లల మీద. 2014 నవంబరులో మన పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ ప్రాంతపు శిబిరాల్లో 13 మంది చనిపోయారు. ఒక శిబిరంలో ఒకే సర్జను కొన్ని గంటల్లో 83 మందికి కోతలు పెట్టాడు. 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఎత్తేయాలంది. ఆ తీర్పులో మాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఆపరేషన్ సంగతులు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చెప్పాక ఆలోచించుకోవడానికి ఒక గంటైనా ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి.

ఒక గంట. మన పద్ధతికి గంట చాలా తక్కువ. మన ఊళ్లో ఒక జబ్బు గురించి నిర్ణయం అంటే ముందు వడ్డెను అడుగుతారు, ఇంటి పెద్దలను అడుగుతారు, మేనమామ రావాలంటారు, అవసరమైతే చెట్టు కింద నలుగురూ కూర్చుంటారు. మాట తిరిగి తిరిగి ఒక చోట ఆగుతుంది. ఆసుపత్రికి ఇంత ఓపిక లేదు. దానికి ఒక మనిషి, ఒక కాగితం, ఒక ముద్ర కావాలి. ఈ రెండు పద్ధతుల్లో మనదే మంచిదని చాలా సభల్లో చెప్పుకుంటాం. అది సగం నిజం. చెట్టు కింద కూర్చున్న నలుగురిలో జబ్బు పడ్డ ఆడమనిషి ఎప్పుడైనా ఉందా? ఆమె గర్భసంచి గురించి ఆమె మరిది మాట్లాడతాడు, ఆమె మాత్రం ఇంట్లో దడి పక్కన కూర్చుని వింటుంది. కోర్టు చెప్పిన ఒంటరి మనిషి ఒప్పుకోలు మనకు పరాయిగా తోచవచ్చు గానీ, ఆమెకు మాత్రం మొదటిసారి తన మాట అడిగిన చోటు ఆసుపత్రే కావచ్చు. అక్కడా మనం మధ్యలో దూరి ‘ఆమెకేం తెలుసు, మేం చెబుతాం’ అంటే ఇక ఆమెకు ఏ చోటూ మిగలదు.

ఇక ‘మీ ఇష్టం’ దగ్గరికి వద్దాం. అది ఒప్పుకోలు కానే కాదని కొందరు చదువుకున్న తమ్ముళ్లు వాదిస్తారు. అజ్ఞానంలోంచి వచ్చిన మాటకు విలువేమిటి అంటారు. మాకు అట్లా అనిపించదు. నమ్మకం కూడా ఒక జ్ఞానమే. పడవ ఎక్కేవాడికి గోదావరి లోతు తెలియనక్కరలేదు, పడవ నడిపేవాడు తెలిస్తే చాలు. మత్తు మందు ఒంట్లో ఏం చేస్తుందో పీహెచ్‌డీ చదివినవాళ్లకూ పూర్తిగా తెలియదు, వాళ్లూ నమ్మే పడుకుంటారు. కాబట్టి ‘మీకు తెలుసు గదా’ అన్న మాటలో తప్పు లేదు. తేడా వేరే చోట ఉంది. పడవ ఎక్కేవాడు ఎక్కనని కూడా అనగలడు. ఒడ్డున ఆగిపోగలడు, అందుకు వాణ్ని ఎవరూ తిట్టరు, వాడి బియ్యం కార్డు ఎవరూ లాక్కోరు. వద్దు అనే దారి తెరిచి ఉన్నప్పుడు ‘మీ ఇష్టం’ అంటే అది నమ్మకం. ఆ దారి మూసి ఉన్నప్పుడు అదే మాట లొంగుబాటు. బయటికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. కాగితం మీద రెండింటి వేలిముద్రా ఒకటే. పక్కన నిలబడ్డ మనం మాత్రమే ఆ తేడా పట్టుకోగలం, అదీ పట్టుకోవాలనుకుంటేనే. ‘మామా, నువ్వు వద్దంటే నిన్ను ఇప్పుడే ఇంటికి తీసుకుపోతాం, నీ మీద ఎవరూ కోప్పడరు. ఇప్పుడు చెప్పు’ అని ఒకసారి అని చూడండి. చాలామంది అప్పుడూ ‘చేయించుకుంటాను’ అనే అంటారు. కానీ ఈసారి ఆ గొంతు వేరుగా ఉంటుంది.

కొందరు వద్దంటారు. అసలు కష్టం అక్కడే.

షుగరు పుండు ముదిరి మోకాలి కింద కాలు తీసేయాలని డాక్టర్లు చెప్పిన పెద్దాయన ఒకరు ఉండేవారు. తీయకపోతే విషం ఒళ్లంతా పాకి ప్రాణం పోతుందని వాళ్లు దాపరికం లేకుండా చెప్పారు. ఆయన వద్దన్నాడు. కొడుకులు మమ్మల్ని పక్కకు పిలిచి ‘ఆయనకేం తెలుసు సారూ, మీరు సంతకం పెట్టండి, మేం వేలిముద్ర వేయిస్తాం’ అన్నారు. మేం పెట్టలేదు. పెట్టలేదు గానీ అంతటితో చేతులు దులుపుకోనూ లేదు. ‘అవును’ను తరచి చూడాలంటున్నాం గదా, ‘వద్దు’ను కూడా తరచి చూడాలి. ఎందుకు వద్దు అని అడిగాం. ‘కాలు లేనోణ్ని ఎవరు మోస్తారు?’ అన్నాడు. అంటే ఆ వద్దు కాలు గురించిన వద్దు కాదు, ముసలితనం గురించిన వద్దు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది డాక్టరు కాదు, మేమూ కాదు. కొడుకులను తీసుకొచ్చి ఆయన మంచం పక్కన కూర్చోబెట్టి, ఆ మాట ఆయన చేతే మళ్లీ అనిపించాం. పెద్దవాడు ఏడ్చాడు. మోస్తామన్నారు. ఆయన విన్నాడు. ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. తెల్లారాక ‘మీరు మోస్తారు, నాకు తెలుసు. నేనే మోయించుకోలేను’ అన్నాడు. ఆసుపత్రివాళ్లు సలహాకు విరుద్ధంగా వెళ్తున్నట్టు రాయించుకుని పంపారు. ఇంటి దగ్గర నొప్పికి మందులు వాడుతూ, పుండు కడిగించుకుంటూ రెండు నెలలకు దగ్గరగా బతికాడు.

ఆ సంతకం పెట్టి ఉంటే ఆయన ఇంకొన్నేళ్లు ఉండేవాడేమో. ఆ రోజు మళ్లీ వచ్చినా మేం పెట్టం. ప్రాణం విలువైనది కాదని కాదు. ఆయన తెలివిలో ఉన్నాడు, విన్నాడు, అడిగాడు, ఒక రాత్రి ఆలోచించాడు. అంతకు మించి ఒక మనిషి తన ఒంటికి యజమానినని ఎట్లా రుజువు చేసుకోవాలి? చిన్న కొడుకు మాత్రం ఇప్పటికీ మాతో ఒప్పుకోడు. తండ్రి మాట వినడం కంటే తండ్రి ఉండటం ముఖ్యం అంటాడు. అతని మాటను కొట్టిపారేయలేం.

ఇదంతా వ్యవధి ఉన్నప్పటి సంగతి. అర్ధరాత్రి హాస్టల్లో పిల్లవాడికి అపెండిక్స్ పగిలి కడుపు చెక్కలా బిగుసుకుపోతే ఊరి నుంచి తండ్రి వచ్చేదాకా కూర్చోవాలని ఎవరూ అనరు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వెంటనే వైద్యం చేయడం డాక్టరు బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అక్కడ మనం చేయాల్సింది సందేహం లేకుండా చేయాలి. తల్లిదండ్రులకు ఫోన్ కలిపి, కలవకపోతే ఊళ్లో ఆశా కార్యకర్తకు చేసి, వాళ్లు బండెక్కేలోపు పిల్లవాడు బల్ల మీద ఉండాలి. ఒక్కటి మరవొద్దు. పిల్లల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లుంటారు. మత్తులో ఆక్సిజన్ తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా వాళ్లకు ప్రమాదం, ఆ సంగతి డాక్టరుకు ముందే తెలియాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు పిల్లవాడి పెట్టెలో అడుగున ఉంటే లాభం లేదు, వార్డెన్ బీరువాలో పైన ఉండాలి. అత్యవసరాన్ని సాకుగా వాడుకోవడం వేరే సంగతి. ‘అర్జెంటు’ అన్న ప్రతిదీ అర్జెంటు కాదు. రేపు చేసినా ఫరవాలేదా అని అడిగితే తేలిపోతుంది.

ఆపరేషన్ అయ్యాక ఒప్పుకోలు ముగిసిందనుకుంటాం. మాకైతే అసలైన ఒప్పుకోలు అప్పుడే మొదలవుతుందనిపిస్తుంది, ఎందుకంటే కోలుకోవడం డాక్టరు చేతిలో కన్నా ఇంటివాళ్ల చేతిలో ఎక్కువ. కుట్ల మనిషిని మర్నాడే లేపి నడిపించమంటారు. మనవాళ్లకు అది క్రూరంగా కనిపిస్తుంది. పడుకునే ఉంటే కాళ్లలో నెత్తురు గడ్డకడుతుందని, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుందని చెబితే తామే చేయి పట్టుకుని వరండాలో తిప్పుతారు. ఇక పత్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, మాంసం వద్దని, మిరియాల చారు అన్నంతో నెల్లాళ్లు గడిపిస్తారు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు, గుడ్డు ఆపితే మానేది ఆలస్యమవుతుంది. ఈ విషయంలో అవ్వలతో వాదించి గెలవడం మా వల్ల కాలేదు. ఆసుపత్రిలో ఇచ్చే భోజనంలోనే గుడ్డు ఉంటుందని చూపించినప్పుడు మాత్రం కొంత మెత్తబడ్డారు.

అన్నిటికన్నా పెద్దది బరువు. గర్భసంచి తీసిన ఆడమనిషికి ఆరు వారాలపాటు బరువులు ఎత్తొద్దని డిశ్చార్జి కాగితం మీద రాస్తారు. నీళ్ల బిందె బరువే, కట్టెల మోపు బరువే, చంకన పిల్లవాడూ బరువే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తునికాకు కోసే రోజుల్లో ఆపరేషన్ అయిందంటే ఇంటికొచ్చిన పదో రోజుకే ఆమె అడవిలో ఉంటుంది. వద్దని ఎవరూ అనరు, వెళ్లమనీ ఎవరూ అనరు. ఆమే లేచి వెళ్లిపోతుంది. అది ఆమె ఇష్టమే అంటారు ఇంటివాళ్లు. పైన చెప్పుకున్న ‘మీ ఇష్టం’ లాంటిదే ఈ ఇష్టమూ. వద్దనే దారి ఆమెకు ఉందా? ఆసుపత్రి కాగితం మీద ఆమె ఒక్కదాని వేలిముద్ర చాలు. ఈ ఆరు వారాలకు మాత్రం ఇంటిల్లిపాదీ ముద్ర వేయాలి, అందుకు కాగితం ఏదీ లేదు.

కాబట్టి డిశ్చార్జి రోజున వెంట ఉన్న చదువుకున్న పిల్లలు చేయాల్సిన పని ఒకటుంది. ఆ కాగితాన్ని బ్యాగులో పెట్టి ఊరుకోకుండా, ఇంటికి వచ్చాక అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, మన భాషలో చదివి చెప్పాలి. ఆరు వారాలంటే ఎవరికీ లెక్క తెలియదు, ఆరు సంతలు అని చెప్పాలి. ఆరో సంత దాటేదాకా ఆమె బిందె ఎవరెత్తుతారో, మోపు ఎవరు తెస్తారో, అక్కడికక్కడే పేర్లు చెప్పించుకోవాలి. మగపిల్లల పేర్లు కూడా.